ఏడేళ్ల కాంట్రాక్టు ఏడేళ్లకు ఎందుకు తీరేది కాదు? ఒలీవియా డి హావిలాండ్ కేసు లెక్క

అడిగిన ప్రశ్న: ‘గాన్ విత్ ద విండ్’లో మెలనీ వేషం వేసిన ఒలీవియా డి హావిలాండ్ 1943 తర్వాత మళ్లీ 1946 దాకా కొత్త సినిమాలో కనిపించరు. వార్నర్ బ్రదర్స్‌తో కోర్టు గొడవ అంటారు. ఏడేళ్ల కాంట్రాక్టు ఏడేళ్లకు ఎందుకు అయిపోలేదు? అంతకుముందు అదే కంపెనీ మీద బెట్టీ డేవిస్ ఓడిపోయారు కదా, ఈవిడ ఎలా గెలిచారు?

ముందు ఆ కాంట్రాక్టు కాగితం ఎలా ఉండేదో తెలియాలి. ‘ఏడేళ్ల కాంట్రాక్టు’ అన్న మాటే తప్పుదోవ పట్టిస్తుంది. నటి ఏడేళ్లకు కట్టుబడేది, స్టూడియో మాత్రం ఒక్క ఏడాదికే కట్టుబడేది. కొత్త ముఖాల విషయంలో ఆ ఏడాది కూడా కాదు, ఆరు నెలలే. మొదటి గడువు 52 వారాలు, ఆ పైన 52 వారాల చొప్పున ఆరు ఆప్షన్లు. ఆప్షన్ వాడుకోవాలా వద్దా అన్నది పూర్తిగా స్టూడియో ఇష్టం. గడువు దగ్గర పడ్డాక స్టూడియో ‘ఇక చాలు’ అంటే నటి ఇంటికి వెళ్లిపోవాలి. నటి ‘ఇక చాలు’ అంటే చెల్లదు. బదులుగా ఆమెకు దక్కేది ఒక్కటే: ఆప్షన్ వాడుకున్న ప్రతిసారీ జీతం ముందే రాసుకున్న మెట్టు ప్రకారం పెరుగుతుంది.

జీతం లెక్కలోనూ ఒక మెలిక ఉంది. పాత పత్రికల్లో ‘వారానికి 500 డాలర్లు’ అని కనిపించగానే చాలామంది దాన్ని 52తో గుణించి 26,000 అనుకుంటారు. అలా రాదు. 52 వారాల్లో 40 వారాలకే జీతం ఖాయం, మిగతా 12 వారాలు స్టూడియో పని ఇవ్వకుండా, జీతం లేకుండా కూర్చోబెట్టవచ్చు. అంటే 20,000. అందులో ఏజెంటుకు 10 శాతం పోతుంది. ఆ 12 వారాల్లో బయట ఇంకెక్కడైనా నటిద్దామంటే ఒప్పుకోరు.

మిగతా షరతులను గబగబా చెప్పుకుందాం. పేరు మార్చే హక్కు స్టూడియోది. లూసీల్ లెస్యూర్ అనే అమ్మాయికి 1925లో ఎమ్‌జీఎమ్ వాళ్లు ఒక పత్రికలో పోటీ పెట్టించి మరీ జోన్ క్రాఫర్డ్ అని పేరు ఖాయం చేశారు. నడవడిక షరతు ఒకటి, 1921లో హాస్యనటుడు ఆర్‌బకిల్ ఒక నటి మృతి కేసులో ఇరుక్కున్నాక వచ్చింది: నటుడి పరువు పోతే కాంట్రాక్టు రద్దు. ఫొటోలు, ఇంటర్వ్యూలు, ప్రచార యాత్రలు అన్నీ జీతంలో భాగమే. కానీ కెరీర్లను అసలు మలుపు తిప్పినవి ఇవేవీ కావు. అప్పు ఇవ్వడం, సస్పెన్షన్ అన్న రెండు షరతులు.

అప్పు ఇవ్వడం అంటే మన స్టూడియో నటిని ఇంకో స్టూడియోకి ఒక సినిమా కోసం పంపడం. వచ్చే సొమ్ము స్టూడియోకి, నటికి మాత్రం మామూలు జీతం. క్లార్క్ గేబుల్‌ని ఎమ్‌జీఎమ్ 1933 చివర్లో కొలంబియాకి ‘ఇట్ హాపెన్డ్ వన్ నైట్’ కోసం పంపినప్పుడు వారానికి 2,500 డాలర్లు వసూలు చేసి ఆయనకు 2,000 ఇచ్చిందని ప్రసిద్ధమైన లెక్క. మిగిలిన 500 ఎమ్‌జీఎమ్ గల్లాపెట్టెలోకి. ఇది గేబుల్‌కి శిక్ష అని చాలా చోట్ల రాస్తారు. నా ఉద్దేశంలో ఆ కథకి అంత బలం లేదు. చేతిలో ఆయనకు సరిపడా సినిమా లేనప్పుడు జీతం ఊరికే పోకుండా అద్దెకు తిప్పడం స్టూడియోలకు రోజువారీ వ్యవహారం. ఆ సినిమా ఐదు ప్రధాన ఆస్కార్లూ ఊడ్చుకుపోయింది కాబట్టి తర్వాత కథ అల్లుకుంది.

డబ్బుకి బదులు మనిషికి మనిషి మార్పిడి కూడా జరిగేది. డి హావిలాండ్ కెరీర్లో ఇది రెండుసార్లు కనిపిస్తుంది. మెలనీ వేషానికి ఆవిణ్ని ‘గాన్ విత్ ద విండ్’ నిర్మాత సెల్జ్‌నిక్‌కి పంపడానికి వార్నర్ బ్రదర్స్ అధిపతి జాక్ వార్నర్ మొదట ఒప్పుకోలేదు. ఆవిడ నేరుగా వార్నర్ భార్యను కలిసి చెప్పించుకున్నారు. బదులుగా, నటుడు జేమ్స్ స్టూవర్ట్‌తో ఒక సినిమా చేయించుకునేందుకు సెల్జ్‌నిక్ దగ్గరున్న హక్కు వార్నర్‌కి వచ్చింది. రెండోసారి ‘కాసాబ్లాంకా’ కోసం ఇంగ్రిడ్ బెర్గ్‌మన్ కావలసి వచ్చినప్పుడు వార్నర్ వాళ్లు సెల్జ్‌నిక్‌కి డి హావిలాండ్‌ని ఇచ్చారు. ఆయన ఆ హక్కును ఆర్‌కేవో అనే స్టూడియోకి అమ్ముకున్నారు. అలా ఆవిడ 1943లో ‘గవర్నమెంట్ గర్ల్’ అనే తేలికపాటి కామెడీలో తేలారు. ఒక చేతిలో నుంచి ఇంకో చేతిలోకి, అక్కడి నుంచి మూడో చేతిలోకి.

ఇక సస్పెన్షన్. స్టూడియో ఇచ్చిన వేషం నటి కాదంటే ఆ రోజు నుంచి జీతం ఆగుతుంది. ఎన్నాళ్లు? ఆ వేషం ఇంకొకరితో తీసి పూర్తి చేసేదాకా. పోయింది ఆ జీతమే అయితే ఎవరైనా ఓర్చుకుంటారు. అసలు దెబ్బ తర్వాతి వాక్యంలో ఉంది: సస్పెన్షన్లో గడిచిన రోజులన్నీ కాంట్రాక్టు చివర కలుస్తాయి.

డి హావిలాండ్ మొదట 1934 నవంబరులో వారానికి 200 డాలర్లతో చేరారు. ఇక్కడ మనకు కావలసింది 1936 నాటి కొత్త కాంట్రాక్టు, అది 1936 మే 5న మొదలైంది. 52 వారాలు, ఆరు ఆప్షన్లు, వెరసి ఏడేళ్లు. 1943 మే మొదటి వారానికి తీరిపోవాలి. ఈలోపు వేషాలు కాదన్నందుకు పలుమార్లు సస్పెన్షన్ పడింది. వాటి మొత్తం సుమారు 25 వారాలు. కాబట్టి మీ గడువు మేలో కాదు, అక్టోబరు చివరికి అన్నది స్టూడియో లెక్క.

ఆరు నెలలే కదా, ఓపిక పడితే పోయేది కదా అనిపిస్తుంది. పోదు. ఆ 25 వారాల్లో స్టూడియో ఇంకో నాసిరకం వేషం ఇస్తే? కాదంటే మళ్లీ సస్పెన్షన్, మళ్లీ పొడిగింపు. ఔనంటే ఆ సినిమా ఫ్లాపై మార్కెట్ పడిపోతుంది. పొడిగించిన కాలాన్ని కూడా పొడిగించవచ్చు. అంటే కాగితం మీద ముగింపు తేదీ ఉన్నా, నిజానికి ముగింపు తేదీ లేని కాంట్రాక్టు అది. లేదంటే వచ్చిన ప్రతి వేషానికీ తల ఊపాలి.

అప్పుడు లాయర్ మార్టిన్ గ్యాంగ్ ఒక పాత చట్టం చూపించారు. మనిషి స్వయంగా చేసే సేవకు సంబంధించిన కాంట్రాక్టును, సేవ మొదలైన రోజు నుంచి ఏడేళ్లు దాటాక ఉద్యోగి మీద అమలు చేయకూడదన్నది కాలిఫోర్నియా చట్టం. 1872లో ఈ పరిమితి రెండేళ్లే. 1931లో ఏడేళ్లు చేశారు. 1937లో లేబర్ కోడ్‌లో 2855వ సెక్షన్‌గా చేర్చారు. స్టూడియో కాంట్రాక్టులు సరిగ్గా ఏడేళ్లకు రాసుకోవడానికి కారణం ఇదే, అంతకన్నా ఎక్కువ రాస్తే చెల్లదు కాబట్టి.

1943 ఆగస్టులో డి హావిలాండ్ కేసు వేశారు. తగువంతా ‘ఏడేళ్లు’ అన్న ఒక్క మాట మీద. వార్నర్ వాదన: ఏడేళ్లంటే ఏడేళ్ల పని, పని చేయని రోజులు లెక్కలోకి రావు. డి హావిలాండ్ వాదన: ఏడేళ్లంటే గోడ మీద క్యాలెండర్లో ఏడేళ్లు, మధ్యలో పని చేసినా, ఖాళీగా కూర్చున్నా, సస్పెన్షన్లో ఉన్నా రోజులు గడుస్తూనే ఉంటాయి. స్టూడియో ఇంకో మాట కూడా అంది: సస్పెన్షన్ పొడిగింపులకు ఆవిడ తానే ఒప్పుకుని సంతకం పెట్టారు కదా అని. దానికి కోర్టు ఇచ్చిన జవాబే నా దృష్టిలో తీర్పులోకెల్లా గట్టి భాగం. ఈ చట్టం ఒక మనిషి సౌకర్యం కోసం చేసింది కాదు, ప్రజా ప్రయోజనం కోసం చేసింది. అలాంటి చట్టాన్ని ఇద్దరు మనుషులు ప్రైవేటుగా ఒప్పందం రాసుకుని పక్కన పెట్టలేరు. ఉద్యోగం కావాలంటే సంతకం పెట్టక తప్పని మనిషి చేత ‘నా రక్షణ వదులుకుంటున్నాను’ అని రాయించుకోవచ్చంటే ఇక ఆ రక్షణ ఉండీ లేనట్టే.

1944 మార్చిలో కింది కోర్టు ఆవిడ పక్షాన తీర్పు చెప్పింది. వార్నర్ అప్పీలుకు వెళ్లింది. 1944 డిసెంబరు 8న అప్పీలు కోర్టు కూడా అదే మాట అంది. 1945 ఫిబ్రవరిలో రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ తీర్పును మళ్లీ విచారించడానికి ఒప్పుకోలేదు. ఆవిడకైన లాయరు ఖర్చు సుమారు 13,000 డాలర్లు.

తెర మీద ఖాళీకి కారణం ఈ తేదీల్లోనే ఉంది. మొదటి తీర్పు వచ్చాక కూడా ఆవిడకు పని దొరకలేదు, ఎందుకంటే ఆమె ఇంకా మా కాంట్రాక్టులోనే ఉందంటూ వార్నర్ మిగతా నిర్మాణ సంస్థలన్నిటికీ ఉత్తరాలు రాసింది. అప్పీలు పెండింగులో ఉన్న మనిషికి వేషమిచ్చి ఎవరు కేసు మెడకు చుట్టుకుంటారు? ఆ కాలంలో ఆవిడ సైనిక ఆస్పత్రులు తిరిగారు, రేడియోలో చేశారు. కేసు తేలాక పారమౌంట్‌లో ‘టు ఈచ్ హిజ్ ఓన్’ చేశారు. 1946లో విడుదలైన ఆ సినిమాకి ఆస్కార్ వచ్చింది. 1949లో ‘ద ఎయిరెస్’కి రెండోది. వార్నర్‌లో ఎనిమిదేళ్లకు పైగా ఆవిడకు పదేపదే వచ్చినవి ఎరల్ ఫ్లిన్ పక్కన ప్రేయసి వేషాలు. ఆ కాలంలో వచ్చిన రెండు ఆస్కార్ నామినేషన్లూ, మెలనీకి ఒకటి, 1941 నాటి ‘హోల్డ్ బ్యాక్ ద డాన్’కి ఇంకొకటి, అప్పుకు వెళ్లి బయట చేసిన సినిమాలకే వచ్చాయి. సొంత స్టూడియో ఆవిణ్ని ఎలా వాడుకుందో చెప్పడానికి ఇది చాలు.

ఇక బెట్టీ డేవిస్ సంగతి. ‘డేవిస్ ఓడారు, డి హావిలాండ్ గెలిచారు’ అని పక్కపక్కన పెట్టి చెప్పడం అలవాటైపోయింది కానీ, రెండూ ఒకే రకం కేసులు కావు. 1936లో డేవిస్ ‘గాడ్స్ కంట్రీ అండ్ ద ఉమన్’ అనే సినిమా కాదని సస్పెన్షన్లోకి వెళ్లి, ఇంగ్లండ్ వెళ్లి అక్కడి నిర్మాత ఒకరికి సినిమా ఒప్పుకున్నారు. వార్నర్ లండన్ కోర్టుకెళ్లి, ఆవిడ ఇక్కడ ఇంకొకరికి పని చేయకుండా ఆపండి అని అడిగింది. అంటే కేసు వేసింది స్టూడియో, నడిచింది ఇంగ్లండ్ చట్టం మీద. అప్పటికి డేవిస్ కాంట్రాక్టుకి ఏడేళ్లు నిండనే లేదు కాబట్టి కాలిఫోర్నియా సెక్షన్ ఆవిడకు ఎలాగూ అక్కరకు రాదు. జడ్జి బ్రాన్సన్ అన్నది ఇది: వార్నర్‌కి నటించి తీరాలని నేను ఆమెను బలవంతపెట్టలేను, కానీ ఇంకెవరికీ నటించనని తానే రాసిచ్చింది కాబట్టి ఆ మాట మీద నిలబెట్టగలను, సినిమాలు మానేసినా తెలివైన మనిషి, ఇంకో పని చేసి బతకగలదు. చట్టప్రకారం ఆ తర్కం నిలుస్తుందేమో కానీ, వినడానికి మాత్రం ఒళ్లు మండుతుంది.

ఆ కేసును డేవిస్ వైపు నుంచి ‘వృథా పోరాటం’ అనలేం. తిరిగొచ్చాక వార్నర్ ఆవిణ్ని తొక్కలేదు, పైగా మంచి వేషాలివ్వడం మొదలుపెట్టింది. 1938లో ‘జెజబెల్’కి ఆస్కార్ వచ్చింది. కోర్టులో ఓడి స్టూడియోలో గెలిచిన అరుదైన కథ అది. దానికి ఎదురుగా కే ఫ్రాన్సిస్‌ని చూడండి. 1930ల మధ్యలో వార్నర్‌లో అందరికన్నా ఎక్కువ జీతం తీసుకున్న నటి. 1937లో స్టూడియో మీద కేసు వేశారు. మానేసి వెళ్లిపోతుందన్న ఆశతో స్టూడియో ఆవిణ్ని తక్కువ బడ్జెట్ బి సినిమాల్లోకి తోసింది. ఆవిడ మానలేదు. ఇచ్చినవన్నీ చేసి, 1938 దాకా ఆ పెద్ద జీతం పూర్తిగా తీసుకునే బయటికొచ్చారు. సొమ్ము మిగిలింది కానీ స్టార్ హోదా మళ్లీ రాలేదు.

జేమ్స్ కాగ్నీది మూడో దారి. 1936లో ఆయన వార్నర్ మీద గెలిచారు, అదీ ఏ కొత్త సూత్రం లేకుండా. ఏడాదికి నాలుగు సినిమాలన్నారు, ఐదు చేయించారు. పేరు అందరికన్నా పైన వేస్తామన్నారు, ఒక సినిమాకి సహనటుడు పాట్ ఓబ్రయన్ పేరు పైకెక్కింది. స్టూడియో తన కాగితాన్ని తానే మీరింది, కాబట్టి కాంట్రాక్టు చెల్లదని కోర్టు అంది. బయటికొచ్చి గ్రాండ్ నేషనల్ అనే చిన్న సంస్థకు రెండు సినిమాలు చేసి, 1938లో మెరుగైన షరతులతో మళ్లీ వార్నర్ గడపే తొక్కారు. చిన్న సంస్థలకు సొంత థియేటర్లు లేవు, అదీ అసలు సమస్య. కోర్టులో గెలిచినా సినిమాను ఆడించే హాళ్లు పెద్ద స్టూడియోల చేతుల్లోనే ఉండేవి.

‘డి హావిలాండ్ తీర్పుతో స్టూడియో వ్యవస్థ కూలిపోయింది’ అని తరచూ చదువుతాం. దీన్ని నేను ఒప్పుకోను. ఏడేళ్ల కాంట్రాక్టులు ఆ తర్వాత కూడా రాశారు, సస్పెన్షన్లు కూడా వేశారు. సస్పెన్షన్ కాలాన్ని ఏడేళ్లకు మించి లాగడం ఒక్కటే పోయింది. యుద్ధానికి వెళ్లొచ్చిన నటులకు మాత్రం పెద్ద మేలు జరిగింది, సైన్యంలో గడిపిన ఏళ్లు కాంట్రాక్టు చివర కలిపే వీల్లేకపోయింది. 1935లో ఎమ్‌జీఎమ్‌లో చేరి 1941లో సైన్యంలోకి వెళ్లిన జేమ్స్ స్టూవర్ట్ తిరిగొచ్చి ఎవరి కాంట్రాక్టూ లేకుండా సినిమాలు చేయడం మొదలుపెట్టారు. వ్యవస్థ నడుం విరిచింది 1948 మేలో అమెరికా సుప్రీంకోర్టు పారమౌంట్ కేసులో ఇచ్చిన తీర్పు. పెద్ద స్టూడియోలు థియేటర్లు వదులుకోవలసి వచ్చింది, గుత్తగా సినిమాలు అంటగట్టడం ఆగింది. హాళ్లు గ్యారంటీ లేనప్పుడు ఏడాదికి యాభై సినిమాలు తీయడమెందుకు, వందల మందికి నెలనెలా జీతాలెందుకు? దానికి టీవీ తోడైంది.

ఆ ఖాళీలోకి వచ్చిందే లాభాల్లో వాటా. 1950 నాటి ‘వించెస్టర్ 73’కి స్టూవర్ట్ మామూలుగా తీసుకునే రెండు లక్షల డాలర్లు యూనివర్సల్ ఇవ్వలేనంది. ఆయన ఏజెంటు లూ వాసర్‌మన్ రొక్కం వదిలి లాభంలో వాటా అడిగారు. సినిమా ఆడింది, రొక్కం కన్నా చాలా ఎక్కువే వచ్చింది. పన్ను కోణం కూడా ఉంది: అప్పట్లో పై అంచు ఆదాయం మీద పన్ను 90 శాతం దరిదాపుల్లో ఉండేది, ఒకే ఏడాది ఒకే ముద్దగా తీసుకుంటే చేతికి మిగిలేది చాలా తక్కువ. వాటా సొమ్ము ఏళ్ల తరబడి విడతలుగా వస్తుంది. అన్నట్టు దీన్ని ‘హాలీవుడ్‌లో మొట్టమొదటి వాటా ఒప్పందం’ అంటుంటారు, అది తప్పు. మేరీ పిక్‌ఫర్డ్ 1916లోనే వారానికి 10,000 డాలర్లు, పైన సగం లాభం రాయించుకున్నారు.

మద్రాసులో విజయా వాళ్లు ‘పాతాళభైరవి’ రోజుల్లో ఎన్టీఆర్‌ని నెలజీతంతో కాంట్రాక్టులో పెట్టుకున్నారు కదా, అదీ ఇదీ ఒకటేనా అని అనుమానం రావచ్చు. పైకి ఒకేలా కనిపిస్తాయి. కానీ మన దగ్గర స్టార్ నిలదొక్కుకోగానే కాల్షీట్లు ఎవరికివ్వాలన్నది స్టారే చూసుకునే పద్ధతి వచ్చేసింది. అక్కడ ఆ అధికారం దక్కించుకోవడానికి కోర్టులు, పన్నులు, టీవీ అన్నీ కలిసి రావలసి వచ్చింది. 2855వ సెక్షన్ ఇప్పటికీ ఉంది. 2008లో థర్టీ సెకండ్స్ టు మార్స్ అనే రాక్ బ్యాండ్‌కీ ఈఎమ్ఐ రికార్డు కంపెనీకీ జరిగిన తగువులో మళ్లీ ఈ ఏడేళ్ల సంగతే వచ్చింది.

పాత స్టార్ల సినిమాల జాబితా చూసి కెరీర్ అంచనా వేసేటప్పుడు మూడు పనులు చేయండి. ప్రతి సినిమా పక్కన తీసిన సంస్థ పేరు రాసుకోండి. సొంత స్టూడియో కాకపోతే అది అప్పు. రెండు సినిమాల మధ్య ఆర్నెల్లకు మించి ఖాళీ ఉంటే, అదే సమయంలో ఆ స్టూడియోలో ఇంకొకరు చేసిన సినిమాలు చూడండి. కాదన్న వేషం చాలాసార్లు అక్కడే దొరుకుతుంది. మూడోది, అందరూ బోల్తా పడేది: విడుదల తేదీని నమ్మకండి, షూటింగ్ తేదీ వెతకండి. ‘ఆర్సెనిక్ అండ్ ఓల్డ్ లేస్’ని 1941లో తీశారు. నాటకం బ్రాడ్‌వేలో ఆడుతున్నన్నాళ్లూ విడుదల చేయకూడదన్న షరతు వల్ల 1944లో గానీ బయటికి రాలేదు. డి హావిలాండ్ జాబితాలో 1946 ఎదురుగా ‘డివోషన్’ అనే వార్నర్ సినిమా కనిపిస్తుంది. కేసు గెలిచాక మళ్లీ వార్నర్‌కి ఎందుకు చేశారని దాన్ని చూసే చాలామంది అడుగుతారు. చేయలేదు. అది కేసుకు ముందు తీసి స్టూడియో మూడేళ్లు అటక మీద పెట్టిన సినిమా. దాని టైటిల్స్ చూడండి: మొదట ఐడా లుపినో, తర్వాత పాల్ హెన్‌రీడ్, మూడో పేరు ఒలీవియా డి హావిలాండ్.